పురుగులూ ప్రశ్నలూ: పాలీఅమైన్లు చల్లితే పట్టు పెరుగుతుందా?

కిందటి సంచికలో ఒక జవాబు చివర, పాలీఅమైన్లు అనే చిన్న అణువులు లేకపోతే ఏ కీటకంలోనూ కణాలు పెరగవు, విభజన చెందవు అని రాశాను. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. వాటిలో పట్టురైతు రాసినది ఉంది, విద్యార్థిని రాసినది ఉంది, అమెరికా నుంచి ఒక కొడుకు రాసినదీ ఉంది. చెదపురుగుల గురించి, తేనెటీగల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల వరకూ ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాది మడకశిర దగ్గర పల్లె. మల్బరీ తోట ఉంది, ఏడాదికి రెండు తరాలు వచ్చే బైవోల్టిన్ పురుగులు పెంచుతాం. ఈ మధ్య ఒకాయన మా షెడ్డు దగ్గరికి వచ్చి పాలీఅమైన్ల ద్రవం అంటూ ఒక సీసా చూపించాడు. ఆకు మీద చల్లి మేపితే పట్టుగ్రంథిలో కణాలు విభజన చెంది రెట్టింపవుతాయట, గూడు బరువు పెరుగుతుందట. మేడమ్ గారూ, కొనమంటారా?
– ఒక పట్టురైతు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏదో ముందు చెబుతాను, తరువాత నిజం చెబుతాను. పట్టుగ్రంథిలో కణాలు రెట్టింపు కావు. ఆయన సీసా కాదు, దేవుడు దిగివచ్చినా కావు. పురుగు ఇంకా గుడ్డులో ఉండగానే ఆ గ్రంథిలో కణ విభజన ముగిసిపోతుంది. చీమంత నల్లటి పిల్లగా బయటపడిన రోజున ఎన్ని కణాలున్నాయో, చంద్రిక (గూళ్లు కట్టేందుకు పెట్టే తట్ట) మీద గూడు కట్టే రోజునా అన్నే ఉంటాయి. పట్టుదారంలో అసలు సరుకైన ఫైబ్రోయిన్‌ను తయారుచేసేది గ్రంథి వెనుక భాగం. ఒక్కో గ్రంథిలో ఆ భాగానికి ఉన్నవి సుమారు 500 కణాలే.

మరి దాదాపు 25 రోజుల్లో పురుగు బరువు పదివేల రెట్లు పెరుగుతుంటే, ఆ కొద్ది కణాలతో ఎలా నెట్టుకొస్తుంది? కణాల సంఖ్య పెరగదు గానీ కణమే పెరుగుతుంది. మామూలు కణం తన డీఎన్ఏను ఒకసారి రెట్టింపు చేసుకుని రెండుగా చీలుతుంది. పట్టుగ్రంథి కణం చీలే పని మానేసి రెట్టింపు చేసుకోవడం మాత్రం కొనసాగిస్తుంది. అలా 17, 18 సార్లు. రెండును రెండుతో అన్నిసార్లు గుణించి చూడండి, లెక్క లక్షల్లో తేలుతుంది. పురుగు ఆఖరి దశైన ఐదో దశ చివరికి ఒక్కో కణంలో మామూలుకన్నా లక్షల రెట్ల డీఎన్ఏ ఉంటుంది. అంత సరుకు పట్టాలి కాబట్టి కేంద్రకం గుండ్రంగా ఉండలేక కొమ్మలు కొమ్మలుగా చీలి కణమంతా పరుచుకుంటుంది. ఐదో దశ పురుగును కోసి ఉప్పునీళ్లలో గ్రంథిని పరిచి విద్యార్థులకు చూపించేదాన్ని. రంగు వేసిన తరువాత ఆ కొమ్మల కేంద్రకాన్ని చూసి, ఇది కణమేనా అని అడగని బ్యాచ్ లేదు.

ఇంతకీ ఈ కథలో పాలీఅమైన్లు ఎక్కడ వస్తాయి? పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్ అని ఇవి ముఖ్యంగా మూడు. చిన్న చిన్న అణువులు, వాటి మీద ధనావేశాలు. డీఎన్ఏ, ఆర్ఎన్ఏల మీద ఋణావేశాలు. కాబట్టి ఇవి వాటిని అంటిపెట్టుకుని, ఒక దారపు పోగు ఇంకొక పోగును తోసెయ్యకుండా సర్దుబాటు చేస్తాయి. డీఎన్ఏ నకళ్లు తీయాలన్నా, ఆ నకళ్ల నుంచి ప్రోటీన్లు చెయ్యాలన్నా ఇవి తగినంత ఉండాలి. పట్టుగ్రంథి చేసే పని అంతా అదే కదా. అందుకని విభజన లేని ఆ గ్రంథికి కూడా పాలీఅమైన్ల అవసరం గట్టిగానే ఉంటుంది. మిగతా ఒంట్లో అయితే విభజన కూడా జరుగుతూనే ఉంటుంది. జ్వరానికి కూర్చున్నప్పుడు, అంటే పొర విడిచేటప్పుడు, చర్మంలో, ఆకు అరిగించే పేగు గోడలో, రేపు రెక్కలు కాబోయే మొగ్గల్లో కొత్త కణాలు పుడుతుంటాయి. వాటికీ ఇవే కావాలి.

ఇప్పుడు ఆయన మాటలోని నిజం. విశాఖపట్నంలోని గీతం విశ్వవిద్యాలయంలో పరిశోధకులు పట్టుపురుగులకు స్పెర్మిడిన్ ఇచ్చి చూశారు. పట్టు దిగుబడి పెరిగిందనీ, దారం గుణాలు మెరుగయ్యాయనీ ప్రచురించారు. మన తెలుగునేల మీదే జరిగిన మంచి పని అది, నేను ఇష్టంగా చదివాను. అయితే వాళ్లు వాడినది శుద్ధమైన స్పెర్మిడిన్, కొలిచిన మోతాదులో. మీ షెడ్డు ముందు నిలబడ్డ సీసాలో ఏముందో మీకు తెలియదు, ఆయనకు తెలుసో లేదో నాకు అనుమానమే. లేబుల్ మీద ఏ పదార్థం, లీటరుకు ఎంత, ఏ దశలో, ఎన్నిసార్లు అని రాసి ఉందా? లేకపోతే అక్కడితో మాట ముగించండి.

ఉందనుకోండి. అప్పుడు కూడా పంట మొత్తానికి కొట్టొద్దు. ఒకే చాకీ కేంద్రం (చిన్న పురుగులను పెంచి ఇచ్చే చోటు) నుంచి, ఒకే రోజు తెచ్చిన పురుగులను మూడో జ్వరం లేచాక రెండు భాగాలు చెయ్యండి. ఒకే తోట ఆకు, ఒకే షెడ్డు. ఒక భాగానికి ఆ ద్రవం చల్లిన ఆకు, రెండో భాగానికి ఉత్త నీళ్లు చల్లిన ఆకు వెయ్యండి. ఈ ఉత్త నీళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. ఎండాకాలంలో వాడిపోయిన ఆకును కాస్త తడిపి వేస్తేనే పురుగు ఎక్కువ తింటుంది, ఆ లాభాన్ని సీసా తన ఖాతాలో వేసుకుంటుంది. వానాకాలంలో దీనికి తిరకాసు: తడి ఆకు వేస్తే పడక తేమ పట్టి రోగాలు వస్తాయి, అప్పుడు సీసాను అన్యాయంగా తిట్టుకుంటారు. చివర్లో రెండు భాగాల నుంచి చేతికి అందిన గూళ్లు తీసి, గూడు బరువు, లోపలి ప్యూపా తీసేశాక పెంకు బరువు విడివిడిగా తూయండి. పెంకు బరువులో తేడా లేకపోతే డబ్బు ప్యూపాలోకి పోయినట్టే. గూళ్ల నుంచి దారం తీసే రీలర్ దానికి ధర కట్టడు. హిందూపురం పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. మీకు దూరం కాదు, లేబుల్ పట్టుకుని ఒకసారి వెళ్లి అడగండి.

ఇంకొక మాట. మల్బరీ ఆకులో పాలీఅమైన్లు ఎలాగూ ఉంటాయి, ప్రతి మొక్క కణంలోనూ ఉంటాయి. తోటకు పశువుల ఎరువు వెయ్యకుండా, సమయానికి కత్తిరింపు చెయ్యకుండా, పలచటి ముదురు ఆకు మీద సీసా చల్లేవాళ్లను నేను చూశాను. వాళ్లకు నేను చెప్పే మందు ఎరువే.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ జువాలజీ విద్యార్థినిని. "ధనావేశం గల పాలీఅమైన్లు డీఎన్ఏకు బంధించబడి కణ విభజనను ప్రేరేపిస్తాయి" అని మా నోట్సులో ఒక్క వాక్యం ఉంది. అంతేనా మేడమ్?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: పరీక్షకు చాలు తల్లీ, పురుగుకు చాలదు. పైన రైతుగారికి నేను డీఎన్ఏ సంగతి ముందు చెప్పానా, నిజానికి కణంలో ఎక్కువ భాగం పాలీఅమైన్లు అంటిపెట్టుకునేది ఆర్ఎన్ఏను. అంటే ప్రోటీన్లు తయారయ్యే చోటును. "ప్రేరేపిస్తాయి" అన్న మాట దగ్గరా నాకు పేచీ ఉంది. కణాన్ని పెరగమని చెప్పేది హార్మోన్లు, తిండి, ఎదుగుదల సంకేతాలు. ఆ ఆజ్ఞ వచ్చాక పని జరగడానికి పాలీఅమైన్లు ఉండి తీరాలి. ఆ రెంటికీ తేడా ఉంది.

దారి ఇలా నడుస్తుంది. అర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఆర్నిథిన్ వస్తుంది. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము దాన్ని పుట్రెసిన్‌గా మారుస్తుంది. పుట్రెసిన్‌కు ఒక ముక్క తగిలిస్తే స్పెర్మిడిన్, ఇంకొక ముక్క తగిలిస్తే స్పెర్మిన్. పండ్ల ఈగ, అదే డ్రోసోఫిలా, గుడ్డు నుంచి పెద్ద ఈగ అయ్యేదాకా ఈ పదార్థాలు ఎలా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయో 1970 నాటికే డయాన్, హెర్బ్‌స్ట్ కొలిచి ప్రచురించారు. అంటే ఇది నిన్నా మొన్నటి విషయం కాదు, మీ నోట్సు మాత్రం ఇంకా ఒక్క వాక్యం దగ్గరే ఆగింది.

స్పెర్మిడిన్ చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ఒకటుంది. ఈఐఎఫ్-5ఎ అని ఒక ప్రోటీన్. కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోసోమ్ ప్రోటీన్ గొలుసు అల్లుతూ కొన్ని చోట్ల, ముఖ్యంగా ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు వరసగా వచ్చిన చోట, ముందుకు కదల్లేక నిలిచిపోతుంది. దాన్ని కదిలించేది ఈ ఈఐఎఫ్-5ఎ. అయితే పుట్టిన రూపంలో అది పనికిరాదు. స్పెర్మిడిన్‌లో నుంచి ఒక ముక్క కోసి, ఈ ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాల్లో ఒకే ఒక్కదానికి అతికించాలి. అతికించాక ఇంకొక ఎంజైము దానికి తుది మెరుగు పెడుతుంది. అప్పుడు ఆ లైసిన్ హైప్యుసిన్ అవుతుంది. హైప్యుసిన్ ఉన్న ప్రోటీన్ ఇంతవరకూ తెలిసినంతలో ఇదొక్కటే. ఆ తుది మెరుగు పెట్టే ఎంజైముకు ఈగలో ఉన్న జన్యువు పేరు నీరో. నీరో చెడిన ఈగల్లో కణాలు సరిగా పెరగవని, అవి తమ భాగాలను తామే అరిగించుకునే ప్రక్రియ కూడా గాడి తప్పుతుందని అమెరికాలోని హ్యూస్టన్ పరిశోధకులు 2009లో చూపించారు. స్పెర్మిడిన్‌కు, కణం పరిమాణానికి మధ్య ఇంత సూటి లంకె ఇంకెక్కడా దొరకదు. మీ పరీక్షలో ఈ పేరా రాయి, దిద్దేవాళ్లు కళ్లజోడు సవరించుకుంటారు.

ఇక అదుపు. నాకు అసలు ఇష్టమైన భాగం ఇది. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ ఎంజైము క్షీరదాల కణాల్లో గంట కూడా నిలవదు. 10 నుంచి 30 నిమిషాల్లో సగం నాశనమైపోతుంది. దాన్ని పట్టుకెళ్లి కణంలోని చెత్త కొట్టుకు అప్పగించే ప్రోటీన్‌ను యాంటీజైమ్ అంటారు. యాంటీజైమ్ తయారయ్యే పద్ధతి విను. ఆర్ఎన్ఏ మీది అక్షరాలను రైబోసోమ్ మూడేసి చొప్పున చదువుతుంది. యాంటీజైమ్ ఆర్ఎన్ఏలో మధ్యలోనే "ఆగు" అన్న గుర్తు ఉంటుంది. మామూలుగా రైబోసోమ్ అక్కడ ఆగిపోతుంది, యాంటీజైమ్ తయారు కాదు. పాలీఅమైన్లు ఎక్కువైతే రైబోసోమ్ ఆ చోట ఒక అక్షరం దాటేస్తుంది. ఆ తరువాత మూడేసి అక్షరాల జట్లు మారిపోతాయి, "ఆగు" అన్న గుర్తు కనబడదు, యాంటీజైమ్ పూర్తిగా తయారై పాలీఅమైన్ల తయారీని ఆపేస్తుంది. మడికి నీళ్లు చాలగానే మడవ తనంతట తానే మూసుకుపోవడం లాంటిదన్నమాట.

ఈగలో యాంటీజైమ్ జన్యువు పేరు గట్‌ఫీలింగ్. ఈగల జన్యువులకు పేర్లు పెట్టేవాళ్ల చమత్కారం గురించి ఇంకొక శీర్షిక రాయవచ్చు. ఈ జన్యువు చెడితే పిండంలో నాడీకణాలు, కండరాలు తమ తుది రూపానికి సరిగా చేరవు. పెరుగుదల ఒక్కటే మంచిదైతే ఇలా జరగకూడదు కదా. కణం ఒక దశలో పెరగడం ఆపి, తాను ఏమి కావాలో అది అవ్వాలి. పాలీఅమైన్లను సమయానికి తగ్గించడం కూడా ఆ పనిలో భాగమే. "ఎక్కువ వేస్తే ఎక్కువ పట్టు" అన్న లెక్క చెల్లదని పైన రైతుగారికి కూడా చెప్పాలి, కారణం ఈ యాంటీజైమే.

ప్రశ్న: పుట్రెసిన్ అంటే కుళ్లిన మాంసం కంపుకు కారణమైన పదార్థమే కదా? అది బతికున్న పురుగులో ఎందుకు?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అదే పదార్థం. లుడ్విగ్ బ్రీగర్ అనే జర్మన్ వైద్యుడు 1885లో కుళ్లిన మాంసంలో నుంచే దాన్ని పట్టుకున్నాడు, అందుకని అపకీర్తి ముందు వచ్చింది. బతికున్న కణంలో కొద్దిగా ఉంటుంది, అదుపులో ఉంటుంది, వాసన రాదు. చచ్చాక బ్యాక్టీరియా దాన్ని విచ్చలవిడిగా తయారుచేస్తుంది. మీ ఒంట్లోనూ ఉంది. ఎవరూ ముక్కు మూసుకోవడం లేదు కదా.

ప్రశ్న: మా బడిలో ఏడో తరగతి పిల్ల అడిగింది: పెద్దదైపోయిన పురుగు మెదడులో కొత్త కణాలు పుడతాయా అని. నాకు జవాబు తెలియలేదు. మీరు చెప్పగలరా?
– ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

జవాబు: ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి మాస్టారూ. కొన్నిటిలో పుడతాయి, కొన్నిటిలో పుట్టవు. పెద్ద తేనెటీగ మెదడులో, వాసనలు, జ్ఞాపకాలు చూసుకునే భాగంలో కొత్త నాడీకణాలు పుట్టవు. రాత్రిపూట మీ బడి గోడల సందుల్లో అరిచే కీచురాయి మెదడులో పుడతాయి!

ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో కేర్, స్ట్రాంబి దంపతుల బృందం ఇంటి కీచురాయి మీద ఈ సంగతి తేల్చి 1994లో నేచర్ పత్రికలో ప్రచురించింది. కీటకాల మెదడులో పుట్టగొడుగు ఆకారంలో రెండు కాడలు, టోపీలు ఉంటాయి. వాటి కొనన మూలకణాల గుంపు ఉంటుంది. రెక్కలొచ్చిన కీచురాయిలో కూడా ఆ మూలకణాలు విభజన చెందుతూనే ఉన్నాయి. అక్కడితో వాళ్లు ఆగలేదు, ఎవరు విభజించమంటున్నారో వెతికారు. జువెనైల్ హార్మోన్ అని తేలింది. పురుగును ఎదగనివ్వకుండా పిల్లగానే ఉంచే హార్మోన్ అని మీ పిల్లల పుస్తకాల్లో ఉంటుందే, అదే. పెద్ద పురుగులో అది వేరే ఉద్యోగాలు చేస్తుంది. ఆ హార్మోన్‌ను తయారుచేసే గ్రంథిని తీసేస్తే విభజన తగ్గింది, హార్మోన్ ఇస్తే మళ్లీ పుంజుకుంది.

మన పాలీఅమైన్లు ఇక్కడ అడుగుపెడతాయి. డీఎఫ్ఎమ్ఓ అని ఒక మందు ఉంది, అది ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్‌ను పట్టుకుని మళ్లీ వదలదు. ఆ మందు ఇచ్చిన కీచురాళ్లలో మూలకణాల విభజన పడిపోయింది. పుట్రెసిన్ బయటి నుంచి ఇస్తే తిరిగి లేచింది. అంటే హార్మోన్ ఇచ్చిన ఆజ్ఞ పుట్రెసిన్ ద్వారానే అమలవుతోంది. తిరుపతి అమ్మాయి ఇది కూడా చదవాలి. ఆజ్ఞ వేరు, అమలు వేరు అని నేను అన్నది ఇందుకే. అదే బృందం ఇంకొక వింత చూసింది: పాలీఅమైన్లు తగ్గిన ఆడ కీచురాయి గుడ్లు పెట్టే తీరు కూడా మారిపోయింది.

ఆ తరువాతి సంవత్సరాల్లో, కీచురాయికి వాసన, చూపు అందకుండా చేస్తే కొత్త కణాలు తక్కువ పుడతాయని, కొత్త కణాలు పుట్టకుండా ఆపితే వాసనలు గుర్తుపెట్టుకోవడం దెబ్బతింటుందని కూడా కనుక్కున్నారు. పిల్లలకు ఈ భాగం చెప్పండి, బాగా గుర్తుంటుంది. కీచురాయిని అగ్గిపెట్టెలో పెట్టి దాచేవాళ్లు ప్రతి బడిలో ఉంటారు, వాళ్లకు మరీ ముఖ్యంగా చెప్పండి.

ప్రశ్న: స్పెర్మిడిన్ మాత్రలు వాడితే ఆయుష్షు పెరుగుతుందని ఇక్కడ ప్రకటనలు చూస్తున్నాను. ఈగల్లో రుజువైందట. గుంటూరులో ఉన్న మా అమ్మకు పంపాలనుకుంటున్నాను, పంపవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఈగల్లో రుజువైన మాట నిజమే. ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకుల నాయకత్వంలో 2009లో వచ్చిన పత్రంలో స్పెర్మిడిన్ కలిపిన తిండి తిన్న ఈగలు 30 శాతం దాకా ఎక్కువ కాలం బతికాయి. కణం తనలోని పాత సరుకును అరిగించుకునే ప్రక్రియ లేని ఈగల్లో ఆ లాభం కనబడలేదు. కాబట్టి లాభం ఆ దారిలో వచ్చిందని తేలింది. 2013లో బెర్లిన్ బృందం, ముసలి ఈగల్లో తగ్గే జ్ఞాపకశక్తిని కూడా ఇది కాపాడుతుందని చూపించింది.

అయితే మీ అమ్మగారు ఈగ కాదు. ఆవిడకు ఏ జబ్బులున్నాయో, ఏ మందులు వాడుతున్నారో చూడకుండా పత్రికలో కూర్చుని పురుగుల మనిషి మాత్ర రాయకూడదు, వైద్యుణ్ణి అడగండి. సోయాచిక్కుడు, పప్పుధాన్యాలు, పుట్టగొడుగుల్లో స్పెర్మిడిన్ ఎలాగూ ఉంటుంది. గుంటూరులో కందిపప్పుకు కొరత లేదు. మాత్రలు పంపడానికి అయ్యే డబ్బుతో ఒకసారి మీరే రండి.

ప్రశ్న: పాలీఅమైన్లు లేకపోతే పురుగు పెరగదంటున్నారు. మరి వాటిని ఆపే మందు కొట్టి పత్తిలో గులాబీ రంగు పురుగును చంపలేమా?
– ఒక పత్తి రైతు, వరంగల్ జిల్లా

జవాబు: ఆలోచన బాగుంది, మీకన్నా ముందు శాస్త్రవేత్తలకూ వచ్చింది. వైద్యంలో ఒకచోట అచ్చంగా ఇదే పద్ధతి పనిచేసింది. ఆఫ్రికాలో సెట్సీ ఈగ కుట్టడం వల్ల వ్యాపించే నిద్రజబ్బుకు, పైన కీచురాళ్లకు ఇచ్చారని చెప్పానే, ఆ డీఎఫ్ఎమ్ఓనే మందు. ఎఫ్లోర్నిథిన్ అనే పేరుతో 1990లో అమెరికాలో అనుమతి పొందింది. మనిషి కణాలు తమ ఎంజైమును గంట తిరగకుండా మళ్లీ తయారుచేసుకుంటాయి కాబట్టి తట్టుకుంటాయి. ఆ జబ్బు పరాన్నజీవిలో ఎంజైము చాలాకాలం నిలిచే రకం. మందు దాన్ని పట్టుకుంటే కొత్తది చప్పున రాదు, పరాన్నజీవి విభజన ఆగిపోతుంది.

పంట పురుగు సంగతి వేరు. దాని ఎంజైమును ఆపినా, అది తినే గింజలో పాలీఅమైన్లు పుష్కలంగా ఉన్నాయి, తిండి నుంచి తెచ్చుకుంటుంది. పైగా ఇదే ఎంజైము తేనెటీగలోనూ ఉంది, మడకశిర రైతుగారి పట్టుపురుగులోనూ ఉంది. మీ చేలో కొట్టినది ఒక్క గులాబీ రంగు పురుగునే వెతుక్కుంటూ పోదు. పైగా కాయలో దూరిన పురుగుకు ఏ మందైనా అందడం కష్టం, అది మీకు నాకన్నా బాగా తెలుసు.

మీరు ఈ సీజనులో చెయ్యగలిగినవి పాత పనులే: పూత దశకు ముందే లింగాకర్షక బుట్టలు పెట్టి మగ రెక్కల పురుగుల లెక్క చూసుకోవడం, గుడ్డిపూలు (పురుగు దూరి విచ్చుకోని పూలు) ఏరి నాశనం చెయ్యడం, డిసెంబరు తరువాత ఇంకో కోత వస్తుందన్న ఆశతో పంటను సాగదీయకుండా మోళ్లు పీకెయ్యడం. బుట్టలోని ఎరను దాని ప్యాకెట్టు మీద చెప్పిన గడువుకు మార్చండి. వాసన పోయిన ఎరతో ఖాళీ బుట్టలు చూసి పురుగు లేదనుకునేవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు.